గాలి పుట్టిన కుండ

ఫోను మోగేసరికి సువర్చల పెనం ముందు ఊపిరి బిగబట్టుకుని నిలబడి ఉంది. కాపురానికి వచ్చింది మొదలు ఆమె వేసిన పెసరట్లన్నీ పెనానికే అంకితమయ్యాయి. ఇవాళ మాత్రం అట్లకాడ తగలగానే అంచు దానంతటదే పైకి వచ్చింది. ఎక్కడా చిరగలేదు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"లేచింది!" అని అరిచాడు అవతల్నుంచి ఆమె మొగుడు నరహరి.

"నీకెలా తెలిసింది?"

"నాకెలా తెలియడమేంటి, కుండ ముందు కూర్చున్నది నేనేగా! సువ్వీ, ధూళి లేచింది. ఒంటరిగా కాదు, గ్యాసును కూడా ఈడ్చుకుని లేచింది. గాలి పుట్టింది!"

సువర్చల స్టవ్వు కట్టేసింది. పెసరట్టును చేతిలోనే మడుచుకుని, కాలిపోతున్నా వదలకుండా కొరుక్కుంటూ, చెప్పులు తొడుక్కుని పరిగెత్తింది. ఒకే ఉదయం రెండు లేవడమంటే మాటలా! దారి పొడుగునా తనలో తనే నవ్వుకుంది.

వాళ్ళ ప్రయోగశాల మార్కాపురం పొలిమేరలో ఉంది. ఒకప్పుడు పలకలు కోసిన పెద్ద రేకుల షెడ్డు అది. వాళ్ళిద్దరికీ పని నేర్పిన మాస్టారు రుక్మాంగదరావు గారు దాన్ని తీసుకుని బాగు చేయించి, మధ్యలో కుండను నిలబెట్టారు. పేరుకే కుండ. నిజానికి మనిషెత్తు ఉక్కు పాత్ర, ముందువైపు మందపాటి అద్దం. దాని చుట్టూ రావుగారు కనిపెట్టిన వలయం ఉంది. ఆ వలయాన్ని వెలిగిస్తే కుండలో ఉన్న వాటి బరువు ఇంచుమించు మాయమైపోతుంది. బరువును గాలిలో వేలాడదీస్తుంది కాబట్టి అందరూ దాన్ని ఉట్టి అని పిలుస్తారు. ముసలితనంలో ఉబ్బి, చల్లబడి, ఎర్రబడ్డ నక్షత్రం అంచున ఆకర్షణ చాలా పలచన. భూమ్మీద ఆ పలచనదనం కావాలంటే ఉట్టి ఉండాల్సిందే.

అలాంటి నక్షత్రాలు తమ ఒంటిని కొంచెం కొంచెంగా గాలిలా వదిలేస్తాయి. ఆ గాలిని తోసేదెవరన్నదే రావుగారు జీవితమంతా నమిలిన ప్రశ్న. వెలుగు ధూళిని తోస్తుంది, ధూళి గ్యాసును లాక్కుపోతుంది అని పుస్తకాల్లో ఉంది. కానీ లెక్క కుదరదు. నల్లటి ధూళి అయితే నక్షత్రం దగ్గర వేడెక్కి ఆవిరైపోతుంది. గాజులాంటి తెల్లటి ధూళి నిలుస్తుంది గానీ వెలుగు దాన్ని పట్టించుకోకుండా దాటిపోతుంది. నిలిచేదేమో కదలదు, కదిలేదేమో నిలవదు.

సువర్చల షెడ్డులోకి వచ్చేసరికి రావుగారు అద్దానికి ముక్కు ఆనించి చిన్నపిల్లాడిలా చూస్తున్నారు. నరహరి ఆయన వెనక నిలబడి గడ్డం నిమురుకుంటున్నాడు. ఎర్రగా వెలుగుతున్న కుండ అడుగు నక్షత్రం ఊపిరి తీసినట్టు నెమ్మదిగా ఉబ్బుతోంది, నెమ్మదిగా తగ్గుతోంది. ఉబ్బినప్పుడల్లా వేడి గ్యాసు పైకి వచ్చి చల్లబడుతోంది. ఆ చల్లదనంలో లేతనీలి పొగలాంటిది పుట్టి, ఎప్పటిలా కిందికి జారకుండా, తెరలు తెరలుగా పైకి పోతోంది.

"ఏం చేశావు?" అంది సువర్చల.

"ఏం లేదు. ఊపిరి నెమ్మది చేశాను," అన్నాడు నరహరి. "ఇన్నాళ్ళూ మనం కుండను ఆయాసపడే మనిషిలా ఊపుతున్నాం. రేణువు పెరిగేలోపే కింద పడిపోతోంది. ఇవాళ పడకముందే పెరిగే వ్యవధి ఇచ్చాను, అంతే."

"అంతే అంటాడేంటమ్మా వీడు!" అని రావుగారు వెనక్కి తిరిగారు. కళ్ళు తడిగా ఉన్నాయి. "అంతే అట!"

కుండ చల్లారాక నరహరి ముసుగు తగిలించుకుని మూత తీశాడు. అతనిది కోడి ఈకతో ధూళి ఊడ్చే పద్ధతి. కుంచెలకు అంటుకుపోయే ధూళి ఈకకు అంటదు. ఊడ్చిన దాన్ని గాజు పళ్ళెంలోకి తీసి సువర్చలకిచ్చాడు. ఆమె దాన్ని లేజరు కింద పెట్టింది. వెలుగు ఎంత చిమ్ముతోందో చూసి రేణువు సైజు చెప్పడం ఆమె పని.

"మైక్రానులో మూడో వంతు," అంది. "దాదాపు అన్నీ అంతే."

రావుగారు కుర్చీలో కూలబడ్డారు. "అదే. వెలుగు అల ఎంతో రేణువు ఇంచుమించు అంత. అప్పుడిక వెలుగు దాటిపోలేదు, పక్కలకు చిమ్ముతుంది. ఆ చిమ్మిన దెబ్బకి రేణువు పైకి పోతుంది. తెల్లగానే ఉంటుంది, ఆవిరి కాదు." లేచి, పళ్ళెంలోంచి చిటికెడు తీసి ముందు తన నుదుట రాసుకున్నారు. తర్వాత నరహరి నుదుట, తర్వాత సువర్చల నుదుట. ప్రయోగం బాగా జరిగిన రోజున ఆయనకు అది అలవాటు. "నక్షత్రపు విభూతి," అన్నారు. "ఎల్లుండి కాలేజీ పిల్లలందరినీ పిలుస్తున్నాను. వాళ్ళ ముందే కుండ తెరుద్దాం. ఒక్కొక్కరికీ బొట్టు పెడతాను."

నరహరి ఆ సంతోషంలోనే తల్లి తాయారమ్మకు ఫోను చేశాడు. స్పీకరు పెట్టాడు కాబట్టి ఆవిడ గొంతు షెడ్డంతా మోగింది.

"ఇంతకీ ఏం కనిపెట్టార్రా?"

"అమ్మా, తూర్పారబడితే ఏమవుద్ది?"

"పొట్టు ఎగిరిపోద్ది, గింజ కింద పడుద్ది. దానికి చదువు కావాలా?"

"నక్షత్రం దగ్గర తిరగబడుద్ది. గింజ ఎగిరిపోద్ది, పొట్టు కింద పడుద్ది. అక్కడ ఎగరేసేది గాలి కాదు, వెలుగు."

"ఆ గింజ తింటారా?"

"తినరమ్మా."

"మరి దానికోసమా ఇన్నాళ్ళూ సన్నాసిలా గడ్డం పెంచావు! పెళ్ళిపీటల మీద నిన్ను చూసి పురోహితుడు, వరుడి తండ్రి పక్కకు జరగాలి అన్నాడు. నేనింకా మర్చిపోలా. ఇహనైనా తిరుపతి పోయి మొక్కు తీర్చు. నా కోడలు నీ మొహం చూడొద్దూ!"

సువర్చల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మాట నిజమే. గాలి పుట్టేదాకా తలా గడ్డం ముట్టుకోనని నరహరి వెంకన్నకు మొక్కుకున్నది ఆమె ఈ ప్రయోగశాలలో చేరకముందు. మొగుడి గడ్డం కింద ఏముందో ఆమెకు తెలియదు. షెడ్డులో అతన్ని నరహరిగారూ అంటుంది, ఇంట్లో నువ్వంటుంది, అత్తగారి ముందు ఏవండీ అంటుంది. మూడు పిలుపులకూ ఒకే గడ్డం పలుకుతుంది.

"ప్రదర్శన కాగానే తిరుపతేనమ్మా," అన్నాడు నరహరి. అని, గట్టిగా రెండుసార్లు దగ్గాడు.

మర్నాడు మధ్యాహ్నం, భోజనం చేసి నరహరి చాప మీదే నిద్రపోయాడు. సువర్చల పక్కన కూర్చుని కొత్తగా కుట్టించుకున్న జాకెట్టుకు హుక్కులు కుట్టుకుంటోంది. పడమటి కిటికీ రెక్క సందులోంచి ఎండ ఒక గీతలా వచ్చి అతని మీదుగా గోడ దాకా పోయింది. ఆ గీతలో మామూలు దుమ్ము బంగారు నలుసుల్లా తేలుతోంది. చిన్నప్పుడు వాటిని గుప్పిట పట్టి, తెరిచి చూసుకుని, ఏమీ లేకపోతే అమ్మ మీద అలిగేది. ఇప్పుడు కూడా చెయ్యి చాచింది.

నరహరి గడ్డం దగ్గర ఎండ బంగారు రంగులో లేదు. లేతనీలంగా ఉంది.

ముందు ఆమెకు సంబరమే వేసింది. నక్షత్రపు ధూళి మన ఇంటికి వచ్చేసింది, మా ఆయన మోసుకొచ్చాడు అనుకుంది. అతన్ని లేపి చూపిద్దామని వంగింది. వంగి, ఆగిపోయింది.

అతను ఊపిరి వదిలినప్పుడు గడ్డంలోంచి నీలి పొగ సన్నగా బయటికి వస్తోంది. ఊపిరి తీసినప్పుడు అదే పొగ వెనక్కి మళ్ళి ముక్కులోకి పోతోంది. ఛాతీ ఉబ్బుతోంది, తగ్గుతోంది. నీలం వస్తోంది, పోతోంది. కింద పడాలన్న తొందర దానికి ఎంతమాత్రం లేదు. ఇక్కడ ఉట్టి కూడా లేదు.

సూది పక్కన పెట్టింది. మైక్రానులో మూడో వంతు. ఆ సైజు ఆమెకు నక్షత్రాల పుస్తకంలో కంటే ముందు మరోచోట తగిలింది. కాలేజీలో ముసుగుల గురించి చదివినప్పుడు. ఏ ముసుగునైనా ఇంచుమించు ఆ సైజు ధూళితోనే పరీక్షిస్తారు. అంతకంటే పెద్దవి పోగులకు కొట్టుకుని ఆగిపోతాయి. అంతకంటే చిన్నవి అటూ ఇటూ తడబడి ఎక్కడో అంటుకుంటాయి. ఈ సైజువే తిన్నగా సందుల్లోంచి జారుకుంటాయి, పట్టుకోవడం అన్నిటికన్నా కష్టం. అయినా మంచి ముసుగు చాలామటుకు పడుతుంది. అది మొహానికి అతుక్కుని ఉంటేనే. గడ్డం మీద ముసుగు ఎక్కడ అతుక్కుంటుంది?

సువర్చల తాత ఈ ఊళ్ళోనే పలకలు కోశాడు. ఆఖరి రోజుల్లో వీధి అరుగు ఎక్కడానికి మధ్యలో ఒకసారి కూర్చునేవాడు. ఎత్తు ఎంతని, రెండు మెట్లు. పలకల దుమ్ము పీల్చి వచ్చే దగ్గు ఈ ఊళ్ళో ఎవరికీ కొత్త కాదు. అందుకే కాబోలు, నరహరి దగ్గుతుంటే ఆమెకు వింతగా తోచలేదు.

"కళ్ళు తెరువు," అంది అతని భుజం పట్టుకుని. "పైకి లేవకు, అలాగే పక్కకి దొర్లు. గడ్డం దులపకు."

"ఏం, తేలు ఎక్కిందా?"

"నీ గడ్డంలో ధూళి ఉంది."

"ఉండదా మరి! రోజూ దాంతోనేగా కాపురం," అన్నాడు కళ్ళు తెరవకుండా. తర్వాత ఆమె మొహం చూసి లేచి కూర్చున్నాడు. ఎండ గీతలోకి తనే ఊపిరి వదిలి చూసుకున్నాడు. మళ్ళీ వదిలాడు.

"ఇది దగ్గొచ్చేటంత ఏమీ కాదులే సువ్వీ. ముసుగు వేసుకుంటూనే ఉన్నాగా."

"అయితే ఆ ముసుగు లోపలివైపు తుడిచి చూద్దాం. ఏమీ లేకపోతే నేనే నిన్ను తిరుపతి దాకా మోసుకెళ్తాను."

"నువ్వు మోస్తావా? పెసరట్టు తిప్పడానికే చెయ్యి వణుకుద్ది నీకు."

"నిన్నటిది చిరగలేదు!"

నవ్వుకుంటూనే వెళ్ళారు. తడిగుడ్డ గడ్డానికి కట్టి తీసుకెళ్ళింది. దారిలో ఎవరో పంటినొప్పా అని అడిగితే నరహరి అవునని తలూపాడు.

షెడ్డులో ముసుగు లోపలి అంచును తడి దూదితో తుడిచి, ఆ తడిని గాజు మీద ఆరబెట్టి లేజరు కింద పెట్టింది. తెర మీద గీత లేచిన చోటు చూసి పక్కకి జరిగింది. నరహరి కూడా చూశాడు. నిన్నటి పళ్ళెంలోని ధూళికి గీత ఎక్కడ లేచిందో, సరిగ్గా అక్కడే లేచింది.

వాళ్ళు అలా నిలబడి ఉండగానే రావుగారు మిఠాయి పొట్లాలతో వచ్చారు. రేపటి పిల్లల కోసం. సువర్చల సంగతంతా చెప్పింది. ఆయన విన్నారు. పొట్లాలు బల్ల మీద ఒకదాని మీద ఒకటి పేర్చుతూ విన్నారు.

"రేపటికి కొత్త ముసుగులు తెప్పిద్దాం," అన్నారు చివరికి.

"పిల్లలందరికీనా మాస్టారూ? మూత తీశాక అది గంటల తరబడి పడదు. ఎంతమంది ఉంటే అంతమంది పీలుస్తారు. మీరు వాళ్ళకి బొట్టు కూడా పెడతానన్నారు."

"చేత్తో పట్టి చూపించకపోతే నమ్మేదెవరమ్మా? తెర మీద బొమ్మలు ఎవడైనా వేస్తాడు. ఇదంతా వట్టి ఊహ అన్నవాళ్ళు నాకు తెలుసు, పేరు పేరునా తెలుసు. వాళ్ళ అరచేతిలో పొయ్యాలని..." ఆగిపోయారు. నరహరి వైపు తిరిగారు. "ఎన్నిసార్లు తెరిచావురా?"

"లెక్కపెట్టలేదు మాస్టారూ. తెరవమన్నప్పుడల్లా తెరిచాను."

రావుగారు కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. "గడ్డం తీసి రమ్మని ఒక్కమాట అనాల్సింది. పని నేర్పేవాడు మొదట చెప్పాల్సిందే అది. నేనే అనలేదు. నా ప్రయోగం కోసం ఒకడు దేవుడికి మొక్కుకున్నాడంటే... నాకు బాగుండేది."

కుండలో ఇంకా నిన్నటి ధూళి ఉంది. ఊడ్చింది చిటికెడే, మిగిలింది చాలా.

"మూత తియ్యకుండా దాన్ని పోగొట్టే దారి ఒకటుంది," అంది సువర్చల. "ఊపిరి ఆపి, వేడి పూర్తిగా పెంచడం. నక్షత్రానికి మరీ దగ్గరైన రేణువు ఏమవుతుందో అదే అవుతుంది."

"అంటే గాలిని చంపెయ్యమనా," అన్నాడు నరహరి. అతని గొంతులో కోపం లేదు గానీ మాట బరువుగా వచ్చింది. "మొదటి గాలి సువ్వీ. ఎక్కడా లేదు ఇది. మొత్తం పళ్ళెంలోకి తీసి గాజు సీసాలో దాచొచ్చు. ఒక్కసారి తెరిస్తే చాలు. ఒకే ఒక్కసారి."

"ఎవరు తెరుస్తారు?"

అతను గడ్డానికి కట్టిన తడిగుడ్డను తడుముకున్నాడు.

"గాలిని మళ్ళీ పుట్టించడం నీకు తెలుసు," అంది ఆమె. "రేపటికి కాకపోతే వచ్చే నెలకి. లోపలే ఊడ్చే యంత్రం పెట్టుకుని, లోపలే సీసాలో మూసుకుని తీద్దాం. ఊపిరితిత్తి మళ్ళీ పుట్టించడం నీకు తెలుసా? మాస్టారికి తెలుసా?"

నరహరి కుండ దగ్గరికి నడిచాడు. తర్వాత, "ఆఖరిసారి లేపి చూద్దామా?" అన్నాడు. "మూత వేసే."

"ఓ, చూద్దాం!" అంది సువర్చల. ఎంత బెంగలో ఉన్నా ఆ మాటకి ఆమె మొహం వెలిగింది.

ఉట్టి వెలిగించారు. కుండ అడుగు నిదానంగా ఉబ్బింది. లేతనీలి తెరలు పుట్టి, ఒకదాని వెనక ఒకటి, పండగనాటి కొత్త చీరలు దండెం మీద ఊగినట్టు పైకి పోయాయి. ముగ్గురూ అద్దానికి ముక్కులు ఆనించారు. చాలా బాగుంది. ఇంత బాగున్నది ఇంత చెడ్డది ఎలా అవుతుందా అనుకుంది సువర్చల. మళ్ళీ, దీని తప్పేముంది, మనిషి ముక్కు ఉంటుందని దీనికెవరు చెప్పారు అనుకుంది.

రావుగారు వెనక్కి వచ్చి తన చేత్తోనే వేడి మీట పైకి తోశారు. నీలం పలచబడింది. అక్కడక్కడ మిగిలింది. తర్వాత అదీ లేదు. అద్దం వెనక ఖాళీ ఉక్కు మెరిసింది.

"వ్యాసం మొదటి పేజీలో ఏం రాయాలో తెలిసింది," అన్నారాయన. "ఈ ధూళిని బయటికి తీయకండి, దీన్ని మామూలు ముసుగు ఆపదు, గడ్డం ఉన్నవాడికైతే అసలు ఆపదు. ఇది మొదట. గాలి ఎలా పుట్టిందో రెండో పేజీలో."

"రెండో పేజీ దాకా ఎవరూ చదవరు మాస్టారూ," అన్నాడు నరహరి.

"చదవకపోతే పోనీ. మొదటి పేజీ చదివితే చాలు."

ఇంటికొచ్చాక పెరట్లో బండ మీద నరహరిని కూర్చోబెట్టింది సువర్చల. ముసుగేసుకుని, చెంబెడు చెంబెడు నీళ్ళు పోసి తలా గడ్డం నానబెట్టింది. తడిసిన ధూళి ఎగరదు.

"ఈ గడ్డంతో తిరుపతి వెళ్ళి కూర్చుంటే మంగలాయన పీలుస్తాడు, పక్కన కూర్చున్న పిల్లలు పీలుస్తారు," అంది. "అంతమందికి పంచిపెట్టే ప్రసాదమా ఇది?"

"మరి వెంకన్న?"

"తల ఉందిగా. తల ఆయనకి. గడ్డం నాకు."

కత్తెరతో కొంచెం కొంచెం కత్తిరించి బకెట్టు నీళ్ళలో వేసింది. తర్వాత రేజరు పట్టుకుంది. జన్మలో ఎవరికీ గడ్డం గీయలేదు. రెండుచోట్ల గీరుకుపోయింది. "పెళ్ళానివా, శత్రువువా," అన్నాడు నరహరి పెదవులు కదపకుండా. ఆమె నాలుక కరుచుకుని పని కానిచ్చింది.

చుబుకం బయటపడింది. దాని మధ్యలో చిన్న సొట్ట ఉంది.

"అయ్యో, నీకు సొట్ట ఉందా!" అంది సువర్చల. వేలితో తాకింది. మళ్ళీ తాకింది. "ఉందని ఒక్కసారైనా చెప్పావా? ఇంత మంచిదాన్ని దాచుకుని తిరుగుతున్నావా ఇన్నాళ్ళూ?"

"నాకే గుర్తులేదు," అన్నాడు నరహరి. నవ్వబోయి దగ్గాడు. ఈసారి దగ్గు కొంచెం పొడుగ్గా వచ్చింది. ఆమె అతని వీపు మీద చెయ్యి వేసి, ఆగేదాకా తియ్యలేదు.

"నాకు భయంగా ఉంది," అన్నాడతను నెమ్మదిగా.

"నాకూ. ఇద్దరికీ కలిపి ఒకటే భయం, చెరిసగం పంచుకుందాం. అసలు ఈ సైజువి చాలామటుకు పీల్చిన ఊపిరితోనే బయటికి వచ్చేస్తాయట. కొంతే ఉండిపోతుందట."

"ఎంత కొంత?"

"అది నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పను."

లోపల ఫోను మోగింది. రావుగారు. నరహరి చేతులు తడిగా ఉన్నాయని సువర్చలే తీసింది.

"కాలేజీకి చెప్పేశాను, పిల్లలు రావద్దని," అన్నారాయన. "మిఠాయి మాత్రం పంపించేశాను. ఒంగోల్లో ఊపిరితిత్తుల డాక్టరుగారు ఉన్నారు, ఆయనతో కూడా మాట్లాడాను. ధూళి సంగతి దాచకుండా మొత్తం చెప్పమన్నారు. లేజరు పరీక్ష కాగితం తెచ్చుకోమ్మా."

"తెస్తాను మాస్టారూ."

"రేపు పొద్దున్నే ఆరింటికి జీపు తీసుకొస్తాను. ముందు నరహరి, తర్వాత నువ్వు, ఆఖరున నేను. ముగ్గురం చూపించుకుంటున్నాం. ఖాళీ కడుపుతో రమ్మన్నారు కాబట్టి టిఫిను వద్దు, వచ్చేటప్పుడు తిందాం."

సువర్చల ఫోను పెట్టేసి పెరటి గుమ్మంలోకి వచ్చింది. నరహరి తువ్వాలుతో కొత్త మొహం తుడుచుకుంటున్నాడు.

"రేపు ఒంగోలు," అంది. "ఆరింటికి."

"తిరుపతి?"

"రేపు ఒంగోలు."

సరేనన్నట్టు తలూపి, తన తల్లికి చెప్పమన్నాడు నరహరి. "కాదులే, నేనే చెప్తాను," అని ఫోను అందుకుని నంబరు కలిపాడు. "అమ్మా, రేపు పొద్దున ఒంగోలు పోతున్నాం, డాక్టరు దగ్గరికి. నువ్వు కూడా రా. బస్టాండు దగ్గర జీపు ఆపుతాం."

"గడ్డంతోనే ఉన్నావుగా, జీపులో గుర్తుపట్టేస్తాలే," అంది తాయారమ్మ.

"గడ్డం లేదమ్మా. కోడలి పక్కన ఎవరు కూర్చుంటే అది నేనే. ఆరు దాటాక బయల్దేరతాం, ఆరున్నరకల్లా బస్టాండు దగ్గర నిలబడు."